చిలకల చెట్లకు నేను వేసిన నంబర్లు

బిర్సానగర్

నేను జంషెడ్‌పూర్‌లో మావాళ్ల ఇంటికి వెళ్లేసరికి ముందు గదిలో ఉన్నవారు, ఉన్నవి: మంచం మీద మా మేనత్త. గుమ్మంలో గొంతుక్కూర్చుని ఆమె కొడుకు అప్పలరాజు బావ. పొయ్యి దగ్గర బావ భార్య గౌరక్క. ఇనుప పంజరంలో ఒక చిలక, పేరు చిన్నమ్మి. గోడకు ఒక మేకు, మేకుకు ఎత్తుల మీద పనిచేసేవాళ్లు నడుముకు కట్టుకునే బెల్టు, దాని కింద నైలాన్ తాడు చుట్ట. మూలన వెదురు బుట్టలు మూడు, మూడూ ఖాళీ.

మార్చి నెలలో ఆ బుట్టలు ఖాళీగా ఉండకూడదు. నన్ను రమ్మన్నది అందుకే.

బావ ఫ్యాక్టరీల్లో రిగ్గరు. చిమ్నీలు, టవర్లు ఎక్కి బరువులు పైకి లాగే పని, కాంట్రాక్టు మీద. మరమ్మతుల కోసం ఫ్యాక్టరీ ఆపే షట్‌డౌన్లు ఉన్నన్నాళ్లే అతనికి కూలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ అతనికి పని దొరకదు. ఆ మూడు నెలలూ అదే బెల్టు, అదే తాడుతో చెట్లెక్కి తొర్రల్లోంచి చిలక పిల్లల్ని తీసి అమ్ముతాడు. దేశవాళీ చిలకను పట్టినా, అమ్మినా, ఇంట్లో పెంచినా చట్టప్రకారం నేరమే. టాటానగర్ స్టేషన్ గోడ మీద ఆ మాట రాసిన పోస్టరు కూడా ఉంది. దిగగానే దాన్ని రెండుసార్లు చదివాను. చదువుతున్నంతసేపూ నా సంచిలో ఉన్న నోట్‌బుక్ మీద చెయ్యి వేసే ఉంచాను.

నేను విశాఖ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. ప్రెషర్ గేజీలు, థర్మామీటర్లు నిజం చూపిస్తున్నాయో లేదో పరీక్షించి, ప్రతిదానికీ నంబరున్న బిళ్ల తగిలించడం నా ఉద్యోగం. నంబరు లేని గేజీ మా లెక్కలో లేనట్టే. రెండేళ్ల కిందట ఒక పెళ్లికి జంషెడ్‌పూర్ వచ్చినప్పుడు బావ నన్ను తను చిలక పిల్లల్ని తీసే గుట్టకు తీసుకెళ్లాడు. ఇలా తీసుకుంటూ పోతే నాలుగేళ్లలో ఏమీ మిగలవు కదా అన్నాను. "అయితే నువ్వే ఓ లెక్క సెప్పు, సదువుకున్నోడివి," అన్నాడు.

చెప్పాను. శుభలేఖ వెనక రాసి మరీ చెప్పాను. తొర్రకు మూడో నాలుగో పిల్లలుంటాయి. అన్నీ తీయకూడదు. ఒకటో రెండో వదలాలి. వదిలినవి పెద్దవై మళ్లీ ఇక్కడే గూడు పెడతాయి. ఏ చెట్టులో ఎన్ని వదిలామో మర్చిపోకుండా మొదలు మీద పసుపు పెయింటుతో చెట్టు నంబరు, ఒక గీత, మిగిలిన పిల్లల సంఖ్య రాయాలి. 7/1 అంటే ఏడో చెట్టు, ఒక పిల్ల ఉంది అని. ఒకసారి అంకె రాశాక ఆ ఏడాది ఎవరూ ఆ చెట్టు ఎక్కకూడదు. ఇదీ రూలు. పద్దెనిమిది చెట్లకు నా చేత్తో నేనే రాశాను. మరుసటి ఏడాది బావ పిల్లల్ని తీశాక పాత అంకెల మీద కొత్త అంకెలు రాసి, ఫోన్ చేసి గర్వంగా చదివి వినిపించాడు. అవన్నీ నా నోట్‌బుక్‌లో పట్టికగా ఉన్నాయి.

ఈ ఫిబ్రవరిలో వచ్చిన ఫోన్ అలాంటిది కాదు.

"తొర్రలు కాళీరా, బామ్మర్దీ. ఎక్కినకాడికి కాళీ. నువ్వొచ్చి లెక్కెట్టు. ఉన్నాయని నువ్వంటే ఎక్కుతాను. నేవంటే రూర్కెలా షట్‌డౌన్‌కి పోతాను. నీ మాటే మాట."

నీ మాటే మాట అని అతను అనడం ఇది రెండోసారి. మొదటిసారి నాకు సంతోషం కలిగింది.

"ఏటిరా, రైలు లేటా? మీ అత్త పొద్దున్నుంచి గుమ్మంవైపే సూత్తంది," అన్నాడు బావ ఇప్పుడు.

"నానేటి సూడనేదు. ఆ సిలకే సూసింది," అంది అత్త. తర్వాత నావైపు తిరిగింది. "ఒరే సుధాకరం, నువ్వు లెక్కలెట్టి ఈడికి మళ్లీ సెట్టెక్కమని సెప్పకు. నలబై ఏళ్లొచ్చినాయి. కాలు జారితే నువ్వొచ్చి మోత్తావేటి?"

"నేను ఎక్కమని చెప్పలేదు అత్తా. ఎన్ని వదలాలో చెప్పాను."

"అదే. ఒదలమని సెప్పడానికి ముందు ఎక్కాల కదా."

మాట మార్చడానికి పంజరంలోకి వేలు పెట్టాను. చిన్నమ్మి గోరు పక్కన కండ పట్టుకుని వదలలేదు. గౌరక్క పసుపు అద్ది గుడ్డ కట్టింది. ఎనిమిదేళ్ల కిందట బావ ఆ గుట్ట మీంచే తెచ్చి అత్తకు ఇచ్చిన చిలక అది.

"దానికి నువ్వంటే బయం. దాని మీద కోపం ఎట్టుకోకు," అంది అత్త. "ఈ ఈదిలో ఇంటింటికీ ఉంది. మాకూ ఒక్కటే. ఒక్కదానికేటి అయిపోద్ది?"

గోవింద్‌పూర్ దాటాక

మర్నాడు తెల్లవారగానే స్కూటర్ మీద బయలుదేరాం. గోవింద్‌పూర్ దగ్గర ఒక వింత చూశాను. లారీల ఫ్యాక్టరీ నుంచి కొత్త చాసిస్‌లు వరసగా రోడ్డెక్కుతాయి. వాటికి క్యాబిన్ ఉండదు, అద్దం ఉండదు. ఇంజన్, చక్రాలు, స్టీరింగ్, ఒక సీటు. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న డ్రైవరు గాలిలో కూర్చుని వెళ్తున్నట్టుంటాడు. అలాగే వందల కిలోమీటర్లు పోతారట. వరసగా పదకొండు లెక్కపెట్టాను. పన్నెండోది వచ్చేలోపు బావ టిఫిన్ బండి దగ్గర స్కూటర్ ఆపాడు.

ఇక్కడి పొద్దుటి టిఫిన్ ధుస్కా. బియ్యం, సెనగపప్పు నానబెట్టి రుబ్బి, గరిటెతో నూనెలో పోసి, పొంగాక తీస్తారు. మన గారెకు చుట్టం అనుకోవచ్చు, కానీ చిల్లు ఉండదు, మినుములు ఉండవు. పక్కన చట్నీ బదులు బఠానీ, బంగాళదుంప కూర వేస్తారు. నాలుగు ముప్ఫై రూపాయలు. మనవైపు ఆ డబ్బుకు రెండు గారెలు కూడా కష్టం. తింటూ నోట్‌బుక్ తెరిచాను. నూనె చెయ్యి తగిలి పాత పట్టికలో నాలుగో వరస నుంచి ఏడో వరస దాకా కాగితం పారదర్శకమైపోయింది. ఆ వరసల వెనక నుంచి పెళ్లి భోజనాల ఖర్చు కనిపించింది.

"బావా, బుట్టలో వేశాక ఎన్ని బతుకుతాయి?" అని అడిగాను. రెండేళ్ల కిందటే అడగవలసిన ప్రశ్న.

"పది ఏత్తే ఆరో ఏడో అమ్మకానికి మిగుల్తాయి. ఎండ ముదిరితే అయీ నేదు."

"అప్పుడెందుకు చెప్పలేదు?"

"నువ్వడగనేదు కదరా. సెట్టు మీదెన్ని అన్నావు. బుట్టలో ఎన్ని అన్నేదు."

నిజమే. నా పట్టికలో ఆ గడి లేదు.

గుట్ట

ఆ గుట్ట పేరు, దారి రాయను. రైలు పట్టాలు దాటాక తారురోడ్డు అయిపోతుంది. తర్వాత సాల చెట్లు, మధ్యమధ్య ఇప్ప, బూరుగు, మద్ది. మోదుగులు ఆకు లేకుండా ఎర్రగా ఉన్నాయి. మొదటి చెట్టు దగ్గరే ఆగిపోయాను. నా చేతిరాత అక్కడే ఉంది, దాని మీద బావ రాసిన కొత్త అంకె. 1/1. పైన, పదిహేను అడుగుల ఎత్తులో, తొర్ర ఉండాల్సిన చోట కిటికీ ఉంది.

గొడ్డలితో కొట్టారు. చిలక తొర్ర నోరు పిడికిలంతే ఉంటుంది. లోపల చెయ్యి లోతుకు పోవాలి. ఓపికున్నవాడు తొర్రలో చెయ్యి పెట్టి తడుముతాడు. ఓపిక లేనివాడు తొర్ర అడుగు దగ్గర మాను నరికి గూటిని ముందునుంచి తెరుస్తాడు. అలా తెరిచిన తొర్రలో మళ్లీ చిలక గూడు పెట్టదు. వాన పడుతుంది, ఉడుము దూరుతుంది, కాకి చూస్తుంది. చిలక తనంతట తాను తొర్ర తొలుచుకోవడం తక్కువ. వడ్రంగి పిట్టో, కంసాలి పిట్టో తొలిచి వదిలేసినది వెతుక్కుని కాస్త పెద్దది చేసుకుంటుంది. అంటే ఒక తొర్ర పోతే ఒక ఏడాది పిల్లలు కాదు పోయేది, ఆ చెట్టులో ఇక పుట్టవలసినవన్నీ.

"నువ్వు నరికావా?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

బావ నావైపు చూడలేదు. "ఒరే, నాను రిగ్గర్ని. పట్టు దొరికిన సోట గొడ్డలెట్టే యెదవని కాదు. ఇది బడికెల్లే గుంటలు సేసిన పనీ కాదు. గట్టి సెయ్యి."

రెండో చెట్టుకు వెళ్లాం. 2/2. నరికి ఉంది. మూడో చెట్టు, 3/0, అంటే పోయినేడాది రూలు తప్పి బావ ఏమీ మిగల్చనిది. తొర్ర చెక్కుచెదరలేదు, బావ ఎక్కి చూస్తే ఖాళీ. నాలుగు, ఐదు నరికి ఉన్నాయి. ఆరో చెట్టుకు సున్నా రాసి ఉంది. బావ బెల్టు బిగించి, తాడు విసిరి, మూడు నిమిషాల్లో పైకెళ్లి మూడు వేళ్లు చూపించాడు.

"పిల్లలా?"

"గుడ్లు!"

ఇలా మధ్యాహ్నం దాకా సాగింది. తొమ్మిదో చెట్టుకు పెద్ద తేనెపట్టు వేలాడుతోంది. దాని మీద 9/1 అని ఉంది, నరకలేదు. చిలకల జంట ఒకటి తొర్ర దగ్గర తిరుగుతోంది. తేనెటీగల వల్ల బావ కూడా ఎక్కలేదు. పదకొండో చెట్టులో ఈకలు మొలుస్తున్న పిల్లలు నాలుగు. అవి పహాడీ చిలకలు, పెద్దజాతివి, రెక్క మీద ఎర్రమచ్చ వచ్చేవి. పద్నాలుగో చెట్టులో పిల్లలు రెండు. పదిహేడో దాంట్లో గోరింక కాపురం.

పదకొండో చెట్టు మీంచి బావ కేకేశాడు.

"పది రోజుల్లో ఎగిరిపోతాయిరా! రెండు తీసీనా?"

"వద్దు. లెక్క పూర్తి కానీ."

"లెక్క అయ్యేలోపు దీనికి మీసాలొచ్చీసి పెళ్లి సేసుకుంటాది!"

"బావా, దిగు."

దిగాడు. నడుముకు కట్టుకున్న సంచి ఖాళీగానే ఉంది. ముడుచుకున్న సంచిని నేను చూడటం అతను చూశాడు. నాకు సిగ్గేసింది, కానీ మళ్లీ అలాంటి సందర్భం వస్తే మళ్లీ చూస్తాను.

దిగువన ఒక ముసలామె ఇప్పపూలు ఏరుతోంది. తెల్లవారుజామున రాలిన పూలను చెట్టు కింద ఊడ్చిన నేల మీంచి ఒక్కొక్కటే తీసి గంపలో వేస్తుంది. మనవైపు చింతపండు ఆరబెట్టినట్టు ఇక్కడ ఈ పూలను వాకిట్లో ఆరబెడతారు. నా చేతిలో గుప్పెడు పోసింది. తియ్యగా, కాస్త మత్తుగా ఉన్నాయి. ఏం చూస్తున్నారని అడిగితే చిలకల్ని లెక్కపెడుతున్నామని హిందీలో చెప్పాను.

"తోతా?" అని నవ్వింది. "పహలే భగానే కే లియే ఆద్మీ బైఠానా పడ్‌తా థా. అబ్ ఆరామ్ హై."

ఆరబెట్టిన పూల దగ్గర చిలకల్ని తోలడానికి ఒక మనిషిని కూర్చోబెట్టేవాళ్లట. ఈ ఏడాది ఆ బాధ లేదట. ఆమె అది మంచి కబురుగానే చెప్పింది.

ఆ సాయంత్రం బిర్సానగర్‌లో పద్దెనిమిది వరసలూ మళ్లీ రాశాను. ఈసారి చెట్టు నంబరు ప్రకారం కాదు, పక్కనున్న అంకె ప్రకారం. ఒకటి గాని రెండు గాని రాసి ఉన్న చెట్లు పదమూడు. అందులో నరికినవి పన్నెండు. నరకనిది తేనెపట్టు ఉన్నది. సున్నా రాసి ఉన్న చెట్లు ఐదు. అందులో నరికినవి ఒక్కటీ లేదు.

పట్టికను తిరగేసి చూశాను. గేజీల్లో ఇంత చక్కటి వరస వస్తే ఎవరో ముందే రాసి పెట్టారని అనుమానిస్తాం.

హాటు

శనివారం బావకు తెలిసిన ఒక వారపు సంతకు వెళ్లాం. సంతను ఇక్కడ హాటు అంటారు. బావ స్కూటర్‌తో దూరంగా ఆగిపోయాడు, పక్షుల వాళ్లకు అతని ముఖం తెలుసు. నేను ఒక్కణ్నే లోపలికి వెళ్లాను. ఎండుచేపలు, మరమరాల బస్తాలు, తాళ్లు, కోళ్లు, చివర్లో రంగురంగుల విదేశీ చిన్న చిలకల పంజరాలు. అవి అమ్మడానికి అడ్డు లేదు. వాటి వెనక నల్లగుడ్డ కప్పిన పంజరం ఒకటి ఉంది. దాని కోసం వెతుకుతున్నట్టు కనిపించకుండా ఉల్లిపాయల ధర అడిగాను. నా వెనకే ఖాకీ బట్టల మనిషి నిలబడ్డాడు. వంగి ఉల్లిపాయలు ఏరడం మొదలుపెట్టాను. అతను రెండు కిలోలు తూయించుకుని, ఏదో అపార్ట్‌మెంట్ కాపలావాడిలా ఉన్నాడు, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

అమ్మేవాడికి నా వయసే ఉంటుంది, మర్యాదగా మాట్లాడాడు. గుడ్డ కాస్త పైకెత్తి చూపించాడు. పెద్ద చిలక, ఏడాది వయసుది.

"ఏక్ హీ బచా హై, సర్. నంబర్ వాలే పేడ్ కా."

ఒకటే మిగిలింది, నంబరున్న చెట్టుది. నంబరున్న చెట్టంటే ఏమిటని అడిగాను.

అతను సంబరంగా వివరించాడు. అడవిలో కొన్ని చెట్లకు సర్కారువాళ్లు పసుపు రంగుతో నంబర్లు వేశారట. నంబరు పక్కనే తొర్రలో ఎన్ని పిల్లలున్నాయో కూడా రాసి పెడతారట. బహుత్ బఢియా సిస్టమ్, చాలా బాగుంది అన్నాడు. ఇదివరకు మావాళ్లు రోజుకు పది చెట్లెక్కితే రెండింట్లో దొరికేవి. ఇప్పుడు కింద నిలబడి చదువుకుంటే చాలు. అందులోనూ ఒకటి రాసి ఉన్న చెట్టు పిల్ల మేలు. తోడబుట్టినవి ఉండవు కాబట్టి తల్లీతండ్రీ తెచ్చిన తిండంతా దానికే. గట్టిగా పెరుగుతుంది, బుట్టలో చావదు, ధర ఎక్కువ పలుకుతుంది.

"సున్నా ఉంటే?" అన్నాను.

"జీరో వాలా కౌన్ చఢేగా?" అని నవ్వాడు. సున్నా చెట్టెక్కి దిగడం టైమ్ దండగ, మావాళ్లకు చెప్పేశాను అన్నాడు. ఈ ఏడాది అంకెలు ఇంకా రాయలేదట, రంగు పాతదే ఉందట. కొత్త రంగు పడగానే సరుకు వస్తుంది, అప్పుడు రండి సర్ అన్నాడు. తర్వాత పంజరం కాస్త ముందుకు జరిపాడు. "ఏక్ తో లే జాయియే. ఏక్ సే క్యా హోతా హై?"

ఒక్కదాంతో ఏమవుతుంది. బిర్సానగర్‌లో అత్త అన్న మాటే.

పనసపొట్టు కూర

ఆ మధ్యాహ్నం గౌరక్క ఆవపెట్టిన పనసపొట్టు వండింది. విశాఖలో దొరికే పొట్టుకన్నా ఇక్కడిది లేతగా ఉంది, కేజీ నలభై రూపాయలట, కొట్టివ్వడానికి ఇంకో పది. రుచి తెలిసేలా తినలేకపోయాను. ఆకులో సగం ఉండగానే జరిగింది జరిగినట్టు చెప్పాను. నరికిన చెట్ల వరస, సంతలో విన్నది, సర్కారు సిస్టమ్.

బావ చేతిలో ముద్ద ఆకులో పెట్టేశాడు. ముందు నవ్వొచ్చింది అతనికి.

"అంటే మనం బోర్డు ఎట్టినాం. హోటల్ బయట బోర్డు మీద రాత్తారు సూడు, ఈ రోజు స్పెషల్ అని. అలగ." నవ్వు అయిపోయింది. "ఒరే, ఒక్కో పిల్లని ఒదిలినప్పుడు నా సెయ్యి ఎంత పీకిందో నీకు తెలుసా? నాలుగుంటే మూడు తీసి, ఆ నాలుగోది నోరు తెరిసి సూత్తంటే, నీ మాట మీద ఒదిలీసి దిగినాను. ఆడికి ఒదిలినానన్నమాట."

"బావా, తప్పు నాదే."

"నీది కాక నాదేటి? నాకు ఏబీసీడీలే రావు."

"నువ్వే కదా పోయినేడాది రాసింది," అంది గౌరక్క నెమ్మదిగా. "గీతలు వంకరపోకుండా స్కేలు కూడా పట్టుకెళ్లినావు."

నా లెక్కలో తప్పెక్కడుందో అప్పటికి నాకు తెలుసు. కూడికల్లో కాదు. ఆ గుట్ట మీద చెట్టెక్కేవాడు ఒక్కడే అన్నది నేను రాయకుండా అనుకున్న మాట. మా ఫ్యాక్టరీలో గేజీ మీది బిళ్లను మేమే చదువుతాం. గుట్టకు తలుపు లేదు.

ఇంకోటి కూడా తెలిసింది, అది చెప్పడం మరీ కష్టమైంది. బావ మొత్తం ఖాళీ చేసి సున్నా రాసిన ఐదు చెట్లలో తొర్రలు బాగానే ఉన్నాయి. మేము జాలిపడి వదిలిన పదమూడింట్లో పన్నెండు పోయాయి.

"అటవీశాఖ ఆఫీసుకు వెళ్లి చెబుదాం," అన్నాను.

"సెప్పు. ముందు ఎవుణ్ని పట్టుకుంటారు? నంబర్లెవుడు రాసినాడని అడిగితే ఏటి సెప్తావు, సర్కారోళ్లే అంటావా?"

"అయితే పెయింట్ గీకేద్దాం."

"గీకితే బెరడు మీద మచ్చ ఉండిపోద్ది. నంబరు సెట్టని అప్పుడూ తెలుస్తాది. అంకె నేదని ఎక్కి సూత్తారు." బావ చెయ్యి కడుక్కుని వచ్చాడు. ఇప్పుడు అతని ముఖం షట్‌డౌన్ పనిలో బరువు ఎటునుంచి ఎత్తాలో ఆలోచించేవాడి ముఖం. "నరికీసిన సెట్ల మీద రెండేసి రాసీద్దాం. ఎక్కి సావనీ."

"రెండు చెట్లెక్కి ఖాళీ చూస్తే అంకెల మీద నమ్మకం పోతుంది. అప్పుడు సున్నా చెట్లు కూడా ఎక్కుతారు."

"అయితే?"

ఎవరు ముందన్నారో ఇప్పుడు గుర్తులేదు. సున్నా. అన్నింటికీ సున్నా. కొత్త రంగుతో.

"రాసినాక ఎక్కకూడదు. మన రూలు," అన్నాను. ఇది చెప్పేటప్పుడు అతని కళ్లలోకి చూడలేకపోయాను. పదకొండో చెట్టులో ఉన్న నాలుగు పిల్లలు అంటే ఆ ఇంటికి ఒక నెల బియ్యం, నూనె.

బావ మేకు దగ్గరికి వెళ్లి బెల్టు తీశాడు. అతను దాన్ని గోనెసంచిలో పెట్టి, పైన రెండు జతల బట్టలు పెట్టాడు.

"రూర్కెలాలో సిమ్నీకి రంగేసీ పనుంది. సోమారం ఎల్తాను. రేపు నీతో గుట్టకొత్తాను."

"ఇక్కడ సెట్టు, అక్కడ సిమ్నీ," అంది అత్త. కోపమో ఏడుపో తెలియని గొంతు. "ఆ దేవుడు నీకు నేల మీద నడిసీ పనే రాయనేదేటిరా?"

మళ్లీ గుట్ట

ఆదివారం పొద్దున్న డబ్బా పసుపు పెయింటు, రెండు బ్రష్షులు, ఒక ఇనుప బ్రష్షు తీసుకుని వెళ్లాం. సంచి, బుట్ట, బెల్టు లేవు. బావ ముందు నడుస్తూ పాత అంకెను ఇనుప బ్రష్షుతో కొంచెం రుద్దుతాడు, నేను వెనక కొత్తది రాస్తాను. చెట్టు నంబరు, గీత, సున్నా.

ఆరేళ్ల ఉద్యోగంలో నేను అబద్ధపు రీడింగ్ రాయలేదు. రాసినవాణ్ని ఒకసారి పైవాళ్లకు పట్టిచ్చాను కూడా. అందుకని దారిపొడవునా లెక్క చూసుకున్నాను. నరికిన పన్నెండు చెట్లకు సున్నా నిజం. మూడో దానికి, గోరింకలున్న పదిహేడో దానికి నిజం. ఆరో చెట్టులో ఉన్నవి గుడ్లు, గుడ్లు పిల్లలు కావు, కాబట్టి అదీ నిజమే. తొమ్మిదో దాని సంగతి తేనెటీగలకే తెలుసు. మిగిలినవి రెండే, పదకొండు, పద్నాలుగు. ఈ మాట బావకు చెబితే తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు ఓ పన్జెయ్యి. రాత్తన్నప్పుడు పైకి సూడకు."

నాకు ధైర్యం లేదు. ఈ సున్నాలు ఎన్నాళ్లు పనిచేస్తాయో తెలియదు. సంతలో ఆ కుర్రాడు తెలివైనవాడు. పద్దెనిమిదికి పద్దెనిమిదీ సున్నాలు చూసి ఒక్కణ్ని ఒక్క చెట్టెక్కించి చూస్తే చాలు. ఈ ఏడాది గడిచినా వచ్చే ఏడాది ఎవరు రాయాలి? బావ రూర్కెలాలో ఉంటే రంగు పాతబడుతుంది. ఇక్కడే ఉంటే, మూడు నెలలు పని లేకుండా, మేకుకు బెల్టు ఉన్న గదిలో ఉంటాడు. ఏ వైపు నుంచి చూసినా లెక్క కుదరడం లేదు, ఇది రాస్తున్నప్పుడు కూడా.

పద్దెనిమిది అయ్యాక వెనక్కి వచ్చి పదకొండు దగ్గర ఆగాం. అది చివరికి మిగిల్చుకున్నది. పెద్ద మద్ది చెట్టు, తెల్లటి మాను. పెద్ద చిలక ఒకటి వచ్చి తొర్ర అంచు పట్టుకుని, మమ్మల్ని చూసి అరిచి, లోపలికి తల పెట్టింది. లోపల్నుంచి పిల్లల గోల మొదలైంది. తిండి అందుతున్నప్పుడు చేసే గోల. కింద నుంచి కూడా స్పష్టంగా వినిపిస్తోంది.

బావ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"బేగి రాయరా. నా మనసు మారిపోద్ది."

పైకి చూడకుండా రాశాను. బ్రష్షు రెండుసార్లు ముంచవలసి వచ్చింది.

చెట్టు నంబరు పదకొండు. తొర్రలో పిల్లలు నాలుగు. రాసింది సున్నా.